పనిమీద నడిచిన దారులు

1973 నవంబరులో నేను ఇంగ్లండు చేరేనాటికి మావారు అక్కడ ఆసుపత్రిలో డాక్టరుగా చేరి ఏడాది దాటింది. దక్షిణాన హాంప్‌షైర్ కౌంటీ. పట్నంలో డాక్టర్లకిచ్చే గది ఇద్దరికి చాలదని, నాలుగైదు మైళ్ల అవతల ఒక పల్లెలో చిన్న ఇల్లు అద్దెకి తీసుకున్నారు. నలభై గడప కూడా లేని ఊరు. ఒక చర్చి, ఒక పబ్బు, ఒక కొట్టు, ఆ కొట్టులోనే ఓ మూల పోస్టాఫీసు. పొద్దున్న ఏడింటికి ఆయన కారులో వెళ్తే, రాత్రి డ్యూటీ కూడా పడిన రోజున మళ్లీ మర్నాడు సాయంత్రమే రావడం. నాలుగు గంటలకే చీకటి పడిపోయే ఆ చలికాలంలో నేను కిటికీ దగ్గర కూచుని ఎదుటి పొలాన్ని చూస్తూ ఉండేదాన్ని. పొలం మధ్యలోంచి ఒక సన్నని కాలిబాట ఏటవాలుగా పోయి అవతలి చెట్లలో కలిసిపోయేది. రోజూ ఎవరో ఒకరు దానిమీద వెళ్లేవారు. నాకూ వెళ్లాలనిపించేది. కాని ఏ పనిమీద వెళ్లను?

ఈ బాధ ఇప్పటి పిల్లలకి అర్థం కాకపోవచ్చు. మా ఊరు గుంటూరు జిల్లాలో దుగ్గిరాల దగ్గర. మా ఊరి ఆడవాళ్లు రోజుకి ఎంత నడిచేవారో లెక్కలేదు. చెరువుకి, పొలానికి, మరకి, గుడికి, పురిటింటికి. పొలానికి అన్నం క్యారేజీ పట్టుకుని మా అమ్మ గట్ల మీద నడిచిన నడక కలిపితే ఏ కాశీకో పోయి వచ్చేది. అయినా, “కాసేపు నడిచొస్తాను” అని గడప దాటిన ఆడమనిషిని నేను ఒక్కరినీ ఎరగను. షికారు అన్న మాట మగవాళ్లది, అదీ పట్నం మగవాళ్లది. దారిలో ఎవరైనా ఎదురైతే, “ఎక్కడికి?” అని అడగరు, వెళ్లేవాళ్లకి అపశకునం. “ఎందాకా?” అంటారు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికి చేతిలో ఒక బిందె ఉండాలి, లేదా ఒక కబురు ఉండాలి. ఊరికే నడిచే మనిషికి ఆ ప్రశ్న ఎదురైతే చెప్పడానికేమీ ఉండదు.

డిసెంబరులో ఒకరోజు ధైర్యం చేసి, పట్టుచీర మీద మావారి పాత ఓవర్‌కోటు వేసుకుని, కాళ్లకి వెల్లింగ్టన్ బూట్లు తొడుక్కుని గేటు దాకా వెళ్లి నిలబడ్డాను. పక్కింటి పెద్దావిడ కంచె అవతలినుంచి తల ఎత్తి చూసి, “గోయింగ్ ఫార్, డియర్?” అంది.

నేను నిర్ఘాంతపోయాను. ఎక్కడికి అని అడగలేదు ఆవిడ. దూరమా, ఎందాకా అని అడిగింది. అక్షరాలా మా ఊరి మాట. అయిదువేల మైళ్లు దాటి వచ్చి, ఆ మంచులో, ఆ మాట వినేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏం చెప్పాలో తోచక, “తెలీదు” అన్నాను. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి ఇంట్లోకి వెళ్లి ఆరు గుడ్లు పెట్టిన బుట్ట పట్టుకొచ్చింది. “లోయలో ఉన్న ఫారం వాళ్లకి ఇవ్వాలి. నువ్వూ రా, ఇద్దరం వెళ్దాం” అంది.

ఫారంలో కోళ్లు ఉన్నాయని, వాళ్లకి మన గుడ్లు అక్కర్లేదని నాకు తర్వాత తెలిసింది. ఆవిడకీ నాలాగే, పని లేకుండా గడప దాటడం చేతకాదని కూడా అప్పుడే తెలిసింది.

ఆవిడ అప్పటికే డెబ్భై దాటిన వితంతువు. పుట్టిందీ మెట్టిందీ ఆ చుట్టుపక్కల అయిదు మైళ్ల లోపలే. ఎదురుగా మిసెస్ అని ఇంటిపేరు పెట్టి పిలిచేదాన్ని, మనసులో మాత్రం పెద్దమ్మ అనుకునేదాన్ని. తర్వాతి పద్దెనిమిదేళ్లు, ఎడతెరిపి లేని వాన తప్ప మరేదీ ఆపకుండా, ఇద్దరం కలిసి నడిచాం. ప్రతి నడకకీ ఒక పని ఉండేది. పాకం పట్టిన ప్లమ్ జామ్ ఒక సీసా, కాలు విరిగిన ముసలాయనకి పొగాకు, చర్చి బల్లమీద పెట్టే పూలు. అన్నిటికన్నా పెద్ద పని నెలనెలా ఊరి చర్చి నుంచి వచ్చే పారిష్ పత్రిక. ఎనిమిది పేజీల చిన్న పుస్తకం. రోడ్డు మీది ఇళ్లకి ఇంకెవరో పంచేవారు. పొలాల నడుమ ఉన్న ఏడు ఇళ్లు ఆవిడవి. రెండు మధ్యాహ్నాలు పట్టేది. కోటు జేబులో పత్రికలు, రెండో జేబులో కొమ్మలు కత్తిరించే చిన్న కత్తెర. దారికి అడ్డం వచ్చిన బ్లాక్‌బెర్రీ ముళ్లతీగ కనిపిస్తే ఆగి, ఒకటో రెండో కత్తిరించి పక్కకి తోసి సాగిపోయేది. “పోయే ప్రతివాడూ ఒక్క తీగ కోస్తే చాలు, దారి దానంతట అదే ఉంటుంది” అనేది.

ఆ నేల తీరు కొంచెం చెప్పాలి. అది సుద్దరాతి ప్రాంతం. లోయల పక్కన నిట్టనిలువుగా లేచే సుద్దకొండల వాలుల్ని బీచ్ చెట్లు కప్పేసి ఉంటాయి. కొండకి వేలాడుతున్నట్టుండే ఆ అడవుల్ని హ్యాంగర్లు అంటారు. కొండ కింద మెత్తటి తెల్లరాయి. శతాబ్దాల తరబడి బండిచక్రాలు ఒరిసి, వానలు కడిగి, ఆ రాతిలో దారులు దిగబడిపోయాయి. కొన్నిచోట్ల పైపొలం మట్టానికి పదహారు, పద్దెనిమిది అడుగుల కింద నడుస్తాం. అంటే మూడు నిలువుల లోతు. రెండు పక్కలా రాతిగోడలు, వాటిలోంచి వేలాడే చెట్టు వేళ్లు, పైన కొమ్మలు కలిసిపోయి పందిరి. మొదటిసారి దిగినప్పుడు నాకు మా ఊరి డొంకలు గుర్తొచ్చాయి. అవీ అంతే, బండ్లు తిరిగి తిరిగి రెండుపక్కల పొలాలకన్నా పల్లమైపోయి, వానాకాలం వాగులై పారేవి. తుమ్మచెట్ల బదులు ఇక్కడ హేజెల్, నాగజెముడు బదులు ఫెర్న్. డొంకకి ఇంగ్లీషులో ఏమంటారో నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఎద్దులు, బండ్లు, వాటి వెనక నడిచిన మనుషులు లేకపోతే భూమి అంత లోతుకి అరగదు.

మేమున్న పల్లెనుంచి కొండ మీదుగా రెండు మైళ్లు నడిస్తే సెల్‌బోర్న్. ప్రకృతిని గురించి చదివేవాళ్లకి ఆ పేరు తెలుసు. 1720లో అక్కడ పుట్టి 1793లో అక్కడే కన్నుమూసిన గిల్బర్ట్ వైట్ అనే మతాచార్యుడు, తన ఊరి పిట్టలూ పురుగులూ వానలూ చెట్ల గురించి స్నేహితులకి రాసిన ఉత్తరాలు 1789లో పుస్తకమయ్యాయి. ఇంగ్లీషులో ఎక్కువసార్లు అచ్చయిన పుస్తకాల్లో అదొకటి. కొండమీదికి తేలిగ్గా ఎక్కడానికి 1753లో ఆయనా ఆయన తమ్ముడు జాన్ కలిసి అడ్డదిడ్డంగా మలుపులు తిప్పుతూ తవ్వించిన దారి ఇప్పటికీ ఉంది. దాని పేరే జిగ్‌జాగ్. ఊరి తట్టునుంచి మొదలుపెడితే మోకాళ్లు పట్టేసేవి. మేము ఎప్పుడూ పైనుంచి దిగేవాళ్లం. ఒక్కో మలుపు తిరిగినకొద్దీ ఊరి కప్పులు, చర్చి గోపురం, చర్చి తోటలో ఉన్న పాత యూ చెట్టు దగ్గరయ్యేవి.

పుస్తకం నాకు పెద్దావిడే ఇచ్చింది. ఆవిడ దాన్ని సాహిత్యంగా చదవలేదు, పక్కింటాయన డైరీ చదివినట్టు చదివింది. “చూడు, ఇంత పక్షి జ్ఞానం ఉన్నాయన దేశాలు తిరగలేదు. ఈ నాలుగు కొండలే నలభై ఏళ్లు నడిచాడు” అనేది. నిజమే. మూడు రకాల చిన్న ఆకుపచ్చ పిట్టలు చూడ్డానికి ఒక్కలాగే ఉంటే, కూత విని అవి మూడు వేరువేరు జాతులని ఆయన పట్టుకున్నాడు. అతి చిన్న పొలం ఎలుకని శాస్త్రానికి మొదట పరిచయం చేశాడు. వానపాములు లేకపోతే భూమి గట్టిపడి చచ్చిపోతుందని, డార్విన్‌కన్నా వందేళ్ల ముందు రాశాడు. ఇదంతా చేయడానికి ఆయనకి తీరిక ఎక్కడిదంటే, తీరిక కాదు. పక్క ఊరు ఫారింగ్‌డన్ చర్చిలో దాదాపు పాతికేళ్లు ప్రార్థనలు నడిపించాడు. జబ్బుపడ్డవాళ్ల దగ్గరికి, చనిపోయినవాళ్ల దగ్గరికి, పెళ్లిళ్లకి వెళ్లాలి. వెళ్తూ చూశాడు, వస్తూ చూశాడు. పెద్దావిడకి ఆయన మీద గౌరవం అందుకే. “ఆయనా పనిమీదే నడిచాడు” అనేది.

అలా చూస్తూపోతే ఆ చుట్టుపక్కల ఏ దారీ ఊరికే పుట్టలేదు. ఒకటి బడికి, ఒకటి చర్చికి, ఒకటి మరకి, ఒకటి మంచినీళ్ల ఊటకి. సెల్‌బోర్న్ నుంచి హెడ్లీ ఊరికి పోయే దారులమీద 1830 నవంబరులో ఆకలితో కూలీలు గుంపులుగా నడిచారు. కూలి పెంచమని, చర్చికి పంటలో ఇవ్వాల్సిన పదోవంతు తగ్గించమని అడిగారు. రెండు ఊళ్లలోనూ బీదలని పెట్టి పనిచేయించే ఇళ్లమీద పడ్డారు. ఆ ఏడు దక్షిణ ఇంగ్లండు అంతటా రేగిన అల్లర్లలో అదొక భాగం. పాల్గొన్నవాళ్లలో కొందరికి ద్వీపాంతరం శిక్ష పడి ఆస్ట్రేలియాకి పంపేశారు. ప్రశాంతంగా కనిపించే ఆ పచ్చికమీద నడుస్తూ ఆవిడ ఈ కథ చెప్పినప్పుడు, కొండలు తెల్లగా పూసిన హాథార్న్ కంచెలతో ఎంత అందంగా ఉన్నా, ఆ నేల కూడా మన నేలలాగే ఆకలి ఎరిగిందని నాకు అనిపించింది.

ఆవిడ సొంత కథా నడకే. రోజూ రెండు మైళ్లు నడిచి బడికి వెళ్లింది. పద్నాలుగో ఏట చెక్కపెట్టె నెత్తిన పెట్టుకుని, అదే బాటమీద అయిదు మైళ్లు నడిచి ఒక పెద్ద ఇంట్లో పనిమనిషిగా చేరింది. నెలకి ఒక ఆదివారం సెలవు. పొద్దున్నే బయల్దేరి ఇంటికి వచ్చి, అమ్మ దగ్గర రెండు గంటలు కూచుని, చీకటి పడకముందే తిరిగి నడిచేది. ఆవిడకి కాబోయే భర్త ఆ సాయంత్రాలు దారిమధ్యలో ఎదురుచూసేవాడు. కంచెల మధ్య మనుషులు దాటడానికి అడ్డంగా చెక్కలు బిగించి మెట్టులా చేస్తారు, స్టైల్ అంటారు దాన్ని. అలాంటి ఒక స్టైల్ మీద కూచుని ఆవిడ చెయ్యి అడిగాడట. ఎన్నోసార్లు ఆ మెట్టు దాటాం. ఆవిడ ప్రతిసారీ దాటబోతూ దానిమీద అరచెయ్యి ఆనించి ఒక్క క్షణం ఆగేది. మోకాళ్ల నొప్పి అనుకునేదాన్ని, కథ తెలిసేదాకా.

సెప్టెంబరు వస్తే హాప్స్ కబుర్లు. బీరుకి చేదూ వాసనా ఇచ్చే కాయలు అవి. ఆల్టన్ పట్నం చుట్టుపక్కల అంతా ఒకప్పుడు హాప్ తోటలే. ఎత్తయిన గుంజలకి కట్టిన తాళ్లమీద తమలపాకు తీగల్లా అల్లుకుని, పందిరి వేసినట్టు ఉండేవి. కోతల కాలంలో బడి సెలవులు కూడా దానికి అనుగుణంగానే ఇచ్చేవారు. పోర్ట్స్‌మత్ నుంచి కుటుంబాలకి కుటుంబాలే వచ్చేవి, జిప్సీలు బండ్లు కట్టుకుని వచ్చేవారు. ఊళ్లో ఆడవాళ్లు పసిపిల్లల్ని చేలో పడుకోబెట్టి కోసేవారు. బుషెల్ అనే కొలతకి ఇంతని కూలి. ఆ డబ్బుతోనే పిల్లలకి చలికాలం బూట్లు. హాప్స్ రసానికి చేతులు నల్లబడి, ఆ చేత్తో తిన్న రొట్టె చేదు తిరిగేదట. మా దుగ్గిరాల సీమలో పసుపు కొమ్ములు తవ్వి, ఉడకబెట్టి, ఆరబోసే రోజుల్లో మా అమ్మ అరచేతులు నెలరోజులు పచ్చగా ఉండేవని చెప్పాను. ఆవిడ నా చెయ్యి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది, ఇంకా పసుపు అంటి ఉందేమో అన్నట్టు. 1950, 60ల్లో కోతమిషన్లు వచ్చాక ఆ జనం రావడం ఆగిపోయింది. నేను వచ్చేనాటికి కాయలు ఆరబెట్టే పాత బట్టీలు కొన్ని మిగిలాయి. తర్వాత వాటికి పెద్ద కిటికీలు పెట్టి ఇళ్లుగా మార్చుకున్నారు.

మొదటి వసంతంలో ఆవిడ నాకు పేర్లు నేర్పింది. ప్రిమ్‌రోజ్, బీచ్ చెట్లకింద నీలం నీరు నిలిచినట్టు పూసే బ్లూబెల్, వాగు పక్కన వెల్లుల్లి వాసన కొట్టే రామ్సన్స్. ఆ ఆకు తుంచి వాసన చూసి, ఆ సాయంత్రం పప్పులో వేసి పోపు పెట్టాను. మావారు రెండోసారి అడిగి వడ్డించుకున్నారు. చలికాలంలో కంచెలమీద బూడిదరంగు దూదిలా వేలాడే తీగకి ముసలాడి గడ్డం అని పేరు. కంచె వయసు కట్టడానికి ఒక ఉజ్జాయింపు లెక్క ఉంది. మాక్స్ హూపర్ అనే శాస్త్రవేత్త చెప్పింది. ముప్ఫై గజాల పొడవులో ఎన్ని రకాల చెట్లూ పొదలూ ఉంటే కంచెకి సుమారు అన్ని వందల ఏళ్లు. మా అమ్మాయి పుట్టి నడక నేర్చాక, అది వేళ్లమీద రకాలు లెక్కపెట్టడమే ఆ దారిలో ఆటయింది. వడ్డీలెక్కలకన్నా ముందు దానికి వందలు అలా వచ్చాయి.

ఏప్రిల్ మధ్యలో ఒకరోజు ఆవిడ ఉన్నట్టుండి ఆగి నోటిమీద వేలు వేసుకుంది. లోయ అవతలినుంచి రెండే స్వరాలు. కు-క్కూ, కు-క్కూ. “కుక్కూ వచ్చింది” అంది, పండగ వచ్చిందన్నట్టు. బళ్లో మాకు ఆ మాటకి కోయిల అని చెప్పారు. నేను ఎదురుచూసింది మా మామిడితోపులో స్వరం పైకి పైకి లాగి లాగి కూసే నల్లటి కోయిలని. ఇది ఆ పిట్ట కాదు, ఆ గొంతూ కాదు. రెండూ ఒకే కుటుంబం మాత్రం అవును. మనది కాకిగూట్లో గుడ్డు పెడితే, అది రెల్లుపిచ్చుకల వంటి చిన్న పిట్టల గూళ్లలో పెడుతుంది. పరాయి గూట్లో పెరిగే పిట్ట గురించి ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. ఆవిడ చివరికి, “అయినా ఏటా ఇక్కడికే వస్తుంది కదా, ఇది దాని ఊరే” అంది. ఆ మాట నా గురించే అన్నదని ఇంటికి వచ్చాక గానీ తట్టలేదు.

ఈ బాటలన్నీ పరుల పొలాల్లోంచే పోతాయి. నాకది మొదట్లో భయంగా ఉండేది. మొలకెత్తిన గోధుమచేలో అడుగు పెట్టాలంటే కాలు వచ్చేది కాదు. ఎవరైనా తిడితేనో? ఆవిడ నా భయం చూసి చట్టం చెప్పింది. ఇరవై ఏళ్లు అడ్డూ ఆపూ లేకుండా, అనుమతి అడక్కుండా జనం నడిచిన దారి జనం దారే అని 1932లో చట్టం చేశారు. ఒకసారి జనం దారి అయ్యాక అది ఎప్పటికీ జనం దారే, నేల ఎవరిదైనా సరే. అదే 1932 ఏప్రిల్‌లో ఉత్తరాన కిండర్ స్కౌట్ కొండమీద, వేటకోసం జమీందార్లు మూసేసిన నేలమీదికి కొన్ని వందలమంది కార్మికులు కలిసి నడిచారు. అయిదుగురు జైలుకి వెళ్లారు. 1949లో వచ్చిన చట్టం ప్రతి కౌంటీ తన నడకదారులన్నీ పటంలో గుర్తించాలంది. ఆ పని కిందికి దిగి ఊరి పారిష్ కౌన్సిళ్ల దగ్గరికి వచ్చింది. మా ఊళ్లో సాక్ష్యం చెప్పినవాళ్లలో పెద్దావిడ ఒకరు. “ఈ దారిన నేను బడికి వెళ్లాను, దీనిమీదుగా మా నాన్న పనికి వెళ్లాడు, దీని మీద మా అవ్వ శవాన్ని చర్చికి మోశారు” అని ఒక్కొక్కటి చెబుతూ కౌన్సిల్ గుమాస్తా వెంట నడిచిందట. మావారు కొన్న సర్వే పటంలో చుక్కలు చుక్కలుగా ఉన్న ఆ గీతలు నేను చాలాసార్లు చూశాను. వాటిలో ఆవిడ వాళ్ల నాన్న అడుగులు ఉన్నాయి, అవ్వని మోసిన భుజాలు ఉన్నాయి. పటం చూసే ఏ కొత్తవాడికీ అది తెలిసే వీలు లేదు.

పోవడం కూడా కళ్లముందే జరిగింది. ముందు ఎల్మ్ చెట్లు. కంచెల్లో వరసగా, మేఘాల్లా పెరిగే చెట్లవి. ఒక పురుగు మోసుకొచ్చే బూజు తెగులు ఒక్కో కంచెనే ఎండబెట్టుకుంటూ వచ్చింది. 1976 వేసవిలో వాన చుక్క లేదు, పచ్చిక గడ్డి గోధుమరంగుకి తిరిగింది. నాకు మాత్రం ఆ ఎండ మా ఊరి ఎండలా హాయిగా ఉండేది. కాని ఆగస్టులోనే ఎండిపోయిన ఎల్మ్ కొమ్మలు చూసి ఆవిడ మాట్లాడేది కాదు. ఆ తెగులుకి దేశం మొత్తంమీద రెండున్నర కోట్ల చెట్లు పోయాయంటారు. 1987 అక్టోబరు 16 తెల్లవారుజామున వచ్చిన గాలివాన దక్షిణ ఇంగ్లండులో కోటిన్నర చెట్లని కూల్చింది. హ్యాంగర్లలో బీచ్ చెట్లు వేళ్లతో సహా లేచి, సుద్దనేల తెల్లటి పుండులా బయటపడింది. దివిసీమ ఉప్పెన గురించి నేను ఆవిడకి అప్పుడే చెప్పాను. 1977 నవంబరు 19. మా పిన్ని వాళ్లది ఆ వైపే. మనుషులూ ఇళ్లూ పశువులూ కొట్టుకుపోయిన గాలి గురించి చెబుతుంటే, చెట్ల గురించి ఏడ్చినందుకు ఆవిడ సిగ్గుపడింది. సిగ్గుపడక్కర్లేదన్నాను. పోయినవాటి బరువు తూచడానికి ఒకే తక్కెడ ఉండదు.

1990 జనవరి 25న మళ్లీ గాలివాన. ఈసారి సెల్‌బోర్న్ చర్చి ముందరి యూ చెట్టు పడిపోయింది. వెయ్యేళ్ల పైబడిన చెట్టని చెప్పుకుంటారు. గిల్బర్ట్ వైట్ కొలిస్తే చుట్టుకొలత 23 అడుగులు వచ్చిందని పుస్తకంలో ఉంది. పెద్దావిడకి అప్పటికి ఎనభై ఎనిమిది. ఆ కొండ ఎక్కి రెండేళ్లయింది. కారులో తీసుకెళ్తానంటే, “నడిచే వెళ్దాం, చావు పలకరింపుకి కారులో వెళ్లరు” అంది. జిగ్‌జాగ్ దిగడానికి గంటకి పైగా పట్టింది. ప్రతి మలుపులోనూ ఆగాం. చెట్టు సమాధుల మధ్య పక్కకి ఒరిగి పడుంది. పైకి లేచిన వేళ్ల గోడ మా ఇద్దరికన్నా ఎత్తు. ఆవిడ చేతొడుగు తీసి ఆ బెరడుమీద చెయ్యి ఆనించింది, స్టైల్ దగ్గర చేసినట్టే. తర్వాత కొమ్మలు నరికి, మొద్దుని లేపి తిరిగి నాటారు గాని అది బతకలేదు. ఇప్పుడు మొద్దు మాత్రం ఉంది, దాని కొమ్మ నాటితే వచ్చిన పిల్లచెట్టు పెరుగుతోంది.

మరుసటి ఏడు ఆవిడ పోయింది. నిద్రలోనే. కూతురు ఇల్లు సర్దుతూ నాకొక చిన్న పొట్లం ఇచ్చింది. ఆ కత్తెర. పారిష్ పత్రిక ఏడు ఇళ్లూ నాకు వచ్చాయి. ఎవరూ ఇవ్వలేదు, నేనే అడిగి తీసుకున్నాను.

ఆ తర్వాతి పదేళ్లలో ఊరు నెమ్మదిగా మారింది. కొట్టు మూతపడింది, దానితో పోస్టాఫీసూ పోయింది. పొలంపని చేసేవాళ్ల ఇళ్లు లండన్‌లో ఉద్యోగం చేసేవాళ్లు కొనుక్కున్నారు. మంచివాళ్లే, మర్యాదస్తులే. కాని పొద్దున్నే స్టేషన్‌కి కారులో పోయి చీకట్లో కారులో వచ్చేవాళ్లు. దారులు మాత్రం మునుపటికన్నా బాగుపడ్డాయి. చెక్కమెట్లు తీసి, ఒక్క మనిషి తిరిగి దాటేటట్టు, పశువు దాటలేకుండా గేట్లు పెట్టారు. మలుపు మలుపుకీ బాణం గుర్తులు. శని, ఆదివారాల్లో నడిచేవాళ్లు ఎక్కువయ్యారు. ఎక్కడినుంచో కారులో వచ్చి, కారు ఆపి, అయిదు మైళ్లు గుండ్రంగా తిరిగి మళ్లీ కారు దగ్గరికే చేరేవారు. ఎదురైతే చక్కగా నవ్వి, “ఎంత చక్కటి ఉదయం” అనేవారు. వాళ్లలో కొందరు గేట్ల పక్కన పడిన చెత్త ఏరి సంచిలో వేసుకెళ్లడం చూశాను. వాళ్లు లేకపోతే ఆ దారులు ఎప్పుడో మూసుకుపోయేవి. వాళ్లకి నేను రుణపడి ఉన్నాను. ఐతే ఎవరూ ఎవరినీ “గోయింగ్ ఫార్?” అని అడిగేవారు కాదు. అందరూ బయల్దేరిన చోటికే వెళ్తున్నారు, ఇక అడగడానికేముంది?

2001 ఫిబ్రవరిలో పశువులకి గాళ్ల జబ్బు వచ్చింది. మనవైపు గాలికుంటు అనే జబ్బే అది. ఆ ఏడు దేశంలో అరవై లక్షలకి పైగా పశువుల్ని చంపేశారు. మనుషుల బూట్లకి అంటుకుని పాకుతుందని దేశమంతా నడకదారులు మూసేశారు. మా పొలంగేటుకి ఎర్ర అక్షరాల బోర్డు కట్టారు. నెలల తరబడి పత్రిక కారులో పంచాను. ఏడు ఇళ్లకి నలభై నిమిషాలు. కిటికీలోంచి చూస్తే ఎదుటి పొలంలో బాట రోజురోజుకీ సన్నబడింది. మే నెల వచ్చేసరికి గడ్డి రెండువైపులనుంచి వచ్చి కలిసిపోయింది. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో చూసిన గీత, ఆవిడ వాళ్ల నాన్న నడిచిన గీత, మూడు నెలలు మనిషి కాలు పడకపోతే మాసిపోయింది.

వేసవిలో బోర్డు తీసేశారు. ఆ నెల పత్రికలు రాగానే కోటు జేబులో పెట్టుకుని, రెండో జేబులో కత్తెర వేసుకుని బయల్దేరాను. మావారు అప్పటికి రిటైరయ్యారు, తోడు వస్తానన్నారు. ఇది నా పని, మీరు ఉండండి అన్నాను. గడ్డి మోకాళ్ల దాకా తడిసి ఉంది. డొంకలోకి దిగేచోట ముళ్లతీగలు అడ్డంగా అల్లుకుపోయాయి. ఒకటీ రెండూ కాదు, అరగంట సేపు కోస్తూనే ఉన్నాను. చేతులు గీరుకుపోయాయి. లోయలో ఫారం దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది.

తలుపు తీసింది కోడలు. కొత్తగా వచ్చిన పిల్ల. నా బూట్లవైపు, చేతులవైపు చూసి కంగారుగా, “అయ్యో, మీ కారు పాడైందా?” అంది.

“లేదమ్మా, పత్రిక ఇవ్వడానికి వచ్చాను” అన్నాను.

ఆ పిల్ల పత్రిక అందుకుని, మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, కారులో దింపుతానంది. వద్దన్నాను. వెనక్కి తిరుగుతుంటే, ఎండలో కుర్చీ వేసుకుని కూచున్న ఆ ఇంటి ముసలాయన తల ఎత్తాడు. తొంభైకి దగ్గరవాడు. చిన్నప్పుడు పెద్దావిడతో కలిసి హాప్స్ కోసినవాడు. చూపు సరిగా ఆనదు. అడుగుల చప్పుడు ఇంటినుంచి దారివైపు మళ్లడం విని, “గోయింగ్ ఫార్, డియర్?” అన్నాడు.

“ఇంటిదాకా” అన్నాను.